ముందు కోర్టు, తర్వాత లాయరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విడాకుల గురించే. గుంటూరు కోర్టుల్లో కుటుంబ కేసులు చూసే న్యాయవాదిగా వాటిలో నాలుగింటికి జవాబు రాస్తున్నాను. అందరూ అడిగింది దాదాపు ఒకటే: మంచి లాయరును ఎలా పట్టుకోవాలి అని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. కేసు ఏ కోర్టులో నడుస్తుంది, నడవాలి అన్నది మొదటిది.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్లయి ఆరేళ్లు. హైదరాబాద్‌లో కాపురం ఉండేవాళ్లం. ఏడాదిన్నర కిందట మా ఆయన నన్నూ, మా పాపనూ పుట్టింట్లో దింపి వెళ్లారు. మళ్లీ రాలేదు. పాపకిప్పుడు నాలుగేళ్లు. ఇప్పుడు హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు నుంచి నోటీసు వచ్చింది. నేను ఆయన్ని హింసించానని, విడాకులు ఇప్పించమని పిటిషన్ వేశారు. వాయిదా మూడు వారాల్లో ఉంది. నాకు ఉద్యోగం లేదు, నాన్న కౌలు రైతు. వెళ్లకుండా ఊరుకుంటే కేసే కొట్టేస్తారని ఒకరన్నారు. హైదరాబాద్‌లో పెద్ద లాయరున్నాడు, ఇప్పుడు లక్షన్నర ఇచ్చి, తర్వాత వచ్చే భరణంలో పది శాతం ఇస్తే చాలని ఇంకొకరన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. – ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, వెళ్లకపోతే కేసు కొట్టేస్తారన్నది పూర్తిగా తప్పు. మీకు నోటీసు అందినట్టు కోర్టులో రికార్డయింది. ఆ రోజు మీ తరఫున ఎవరూ పలక్కపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపిస్తారు. తర్వాత ఆయన చెప్పిందే సాక్ష్యంగా తీసుకుని డిక్రీ ఇచ్చేసే వీలుంది. దాన్ని తీసేయించుకోవడానికి మళ్లీ పిటిషన్, మళ్లీ ఖర్చు. కాబట్టి ఆ వాయిదాకి మీరో, మీ లాయరో హైదరాబాద్‌లో ఉండి తీరాలి. మొదటి వాయిదాలోనే వాదనలు జరగవు. వకాలతు (లాయరుకు మీ తరఫున వాదించే అధికారమిచ్చే కాగితం) వేసి, కౌంటరుకు (పిటిషన్‌కు మీరు రాసిచ్చే జవాబుకు) గడువు అడుగుతారు. అంతే. ఆ రోజు గురించి భయపడకండి.

ఆయన హైదరాబాద్‌లో కేసు వేయడం చట్టప్రకారం సరైనదే. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, ఎదుటి పక్షం నివసించే చోట, దంపతులు చివరిసారి కలిసి కాపురం చేసిన చోట పిటిషన్ వేయవచ్చు. భార్యే కేసు వేస్తే తాను ఉంటున్న ఊళ్లోనూ వేసుకోవచ్చు. 2003లో చేసిన సవరణతో ఈ వెసులుబాటు వచ్చింది. మీరు ముందు వేసి ఉంటే మన జిల్లాలోనే నడిచేది. ఆయన ముందు వేశారు కనుక ఇప్పుడు కేసు అక్కడుంది.

దాన్ని ఇటు మార్పించుకోలేమా అని మీరు అడుగుతారని తెలుసు. మార్పించుకోవచ్చు. కాకపోతే మన రెండు రాష్ట్రాల వాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. ఒకప్పుడు తెనాలికీ హైదరాబాద్‌కూ ఒకే హైకోర్టు. అక్కడే ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేస్తే సరిపోయేది. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ వేర్వేరు హైకోర్టులు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు మార్చాలంటే సుప్రీంకోర్టుకే వెళ్లాలి. రైల్లో ఆరేడు గంటల దూరానికి ఢిల్లీ గడప తొక్కాల్సి రావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇలాంటి పిటిషన్లలో భార్యకున్న ఇబ్బందిని, చంటిపిల్లల్ని, ఆదాయం లేకపోవడాన్ని సుప్రీంకోర్టు సానుకూలంగానే చూస్తూ వస్తోంది. అయితే ఢిల్లీలో పిటిషన్ వేసినంత మాత్రాన హైదరాబాద్ కేసు ఆగదు. స్టే వచ్చేదాకా హైదరాబాద్ వాయిదాలు నడుస్తూనే ఉంటాయి. చాలామంది ఈ సంగతి తెలియక ఎక్స్‌పార్టీ అవుతున్నారు.

డబ్బు సంగతికి వస్తాను. మీరు లక్షన్నర తేవాల్సిన పని లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం (1987) 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. తెనాలి కోర్టుల దగ్గరున్న మండల న్యాయ సేవా కమిటీకో, గుంటూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో దరఖాస్తు పెట్టండి. హైదరాబాద్‌లో కేసు ఉందని రాసి, నోటీసు కాపీ జతచేయండి. వాళ్లు అక్కడి సంస్థకు పంపి, అక్కడ లాయరును ఇప్పించే ఏర్పాటు చేస్తారు. సుప్రీంకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్‌కు కూడా ఇదే దారి ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా ఎవరిని కలవాలో చెబుతారు. ఉచితంగా ఇచ్చిన లాయరు శ్రద్ధగా చూడడని అనుకోకండి. నేను ఆ పానెల్ కేసులు చూశాను, చూసే వాళ్లనూ ఎరుగుదును. పని చేసేవాళ్లు ఫీజు ఎవరిచ్చారని చూడరు. మూడు వారాలే ఉంది కనుక ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు నేరుగా కూడా జవాబు పంపాను.

భరణంలో పది శాతం ఇమ్మన్నవాళ్ల దగ్గరకు అసలు వెళ్లకండి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన దాంట్లో వాటా అడగడం బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించిన పని. మొదటి మాటలోనే నిబంధన తప్పిన మనిషి రేపు రాజీ కుదిర్చేటప్పుడు మీ వైపు చూస్తాడా, తన వాటా వైపు చూస్తాడా?

అయితే అన్ని పనులకూ మీరు హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు. మీకూ పాపకూ నెలనెలా మనోవర్తి కోసం మీరుంటున్న చోటే కేసు వేయవచ్చు. పాత చట్టంలో 125 సెక్షన్ అనేవారు, 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. గృహహింస చట్టం కింద కూడా మీరు ప్రస్తుతం ఉంటున్న ఊరి మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. పాప మీ దగ్గరే ఉంది కాబట్టి, రేపు ఆయన గార్డియన్ చట్టం కింద పాప కోసం కేసు వేయాలనుకుంటే పాప ఉండే ఊరి పరిధిలోని కోర్టుకే రావాలి. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టంలోనే ఉంది. అంటే మీకు ఇద్దరు లాయర్లు కావాలి: హైదరాబాద్ కేసుకు అక్కడివారు, మనోవర్తికి ఇక్కడివారు. ఇద్దరికీ ఒకరి కాగితాలు ఒకరికి అందేలా మీరే చూసుకోవాలి. రెండు చోట్ల రెండు రకాలుగా రాస్తే ఎదుటివాళ్లు క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాన్నే పట్టుకుంటారు.

హైదరాబాద్ కేసులోనే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు, రానూపోనూ చార్జీలు అడుగుతూ ఒక ఐ.ఏ. (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేయించండి. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, ఇలా భరణం అడిగినప్పుడు భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు రాసి అఫిడవిట్ ఇవ్వాలి. ఆయన జీతం ఎంతో మీరు ఊహించి చెప్పాల్సిన పని తగ్గింది. భరణం కూడా దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కిస్తారు. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నాకు ఒక సంగతి కనపడలేదు: మీకు విడాకులు కావాలా, వద్దా? నోటీసు భయంలో ఎవరూ మిమ్మల్ని అది అడిగినట్టు లేదు. మీ లాయరు మొదట అడగాల్సింది అదే. వద్దనుకుంటే ఒక రకం కౌంటరు, ఆత్మగౌరవంతో బయటపడి పాపకు భద్రత ఉంటే చాలనుకుంటే మరో రకం మాటలు. హింస అన్న ఆరోపణను నిరూపించాల్సింది ఆయనే. ‘ఇద్దరికీ పడటం లేదు, ఇక కలవరు’ అన్న కారణం మీద ఒక పక్షం అడిగితే విడాకులిచ్చే అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు. రాజ్యాంగం 142వ అధికరణ కింద అది సుప్రీంకోర్టు ఒక్కదానికే ఉందని 2023 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. కాబట్టి మీరు ‘సరే’ అనడం వాళ్లకు చాలా అవసరం. ఆ ‘సరే’ని తొందరపడి ఇవ్వకండి. కౌన్సెలింగ్‌కు పిలిస్తే తప్పకుండా వెళ్లండి, మీ మనసులో ఉన్నది చెప్పండి. అక్కడ తెల్లకాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టొద్దు.

ఇక లాయరును చూసుకోవడం. మా లాయర్లకు ప్రకటనలిచ్చుకునే వీలు బార్ కౌన్సిల్ ఇవ్వలేదు. అందుకని బోర్డులూ ఫోన్‌లో కనిపించే పేర్లూ నమ్మి వెళ్లడం కంటే, ఆ కేసు నడిచే కోర్టుకు ఒక పూట మీ నాన్నగారితో వెళ్లి కూర్చోండి. పిలుపులప్పుడు తన కేసుకు స్వయంగా లేచి మాట్లాడే లాయరెవరో, ప్రతిసారీ జూనియరును పంపి గడువు అడిగించే లాయరెవరో గంటలో తెలిసిపోతుంది. తర్వాత మాట్లాడేటప్పుడు గమనించండి. మీ నోటీసు పూర్తిగా చదివారా? పెళ్లి ఫొటోలు, శుభలేఖ, బంగారం బిల్లులు, ఆసుపత్రి చీటీలు అడిగారా? మీకు నచ్చని మాట ఒక్కటైనా చెప్పారా? ‘ఆరు నెలల్లో తేల్చేస్తా, ఇరవై లక్షలు ఇప్పిస్తా’ అన్నవాళ్ల దగ్గర లేచి వచ్చేయండి. అత్త, మామ, ఆడపడుచు అందరి పేర్లూ కలిపి పోలీసు కేసు పెడితే దారికొస్తారని చెప్పేవాళ్లూ ఉంటారు. మీ ఉత్తరంలో అత్తమామల మాటే లేదు. జరగనిది రాయించుకోకండి. జరిగినది ఉంటే దాచుకోకండి.

ఫీజు మాట్లాడుకుంటే విడివిడిగా అడగండి. విడాకుల ఓ.పి.కి (అసలు పిటిషన్‌కు) ఎంత, ఐ.ఏ.లకు వేరేనా, వాయిదాకింత అని ఇవ్వాలా మొత్తం ఒకటేనా, గుమస్తా ఖర్చులు అందులోనే ఉన్నాయా, అప్పీలు వస్తే ఎలా. ఇచ్చిన ప్రతి రూపాయికీ చీటీ తీసుకోండి, ఫోన్‌పే చేస్తే దేనికోసమో అందులో రాయండి. వకాలతు మీద మీ పేరు, కోర్టు పేరు నింపాకే సంతకం చేయండి. కౌంటరును ఎవరితోనైనా తెలుగులో చదివించుకుని, అది మీ మాటే అనిపిస్తేనే సంతకం పెట్టండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మా అమ్మాయి పెళ్లి 2021లో విజయవాడలో చేశాం. బెంగళూరులో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునేవారు. ఏడాది తిరక్కుండానే విడిపోయారు, పిల్లలు లేరు. రెండువైపులా పెద్దమనుషులు కూర్చుని వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడాకుల ఒప్పందం రాయించారు. నోటరీ కూడా చేయించాం. బంగారం తిరిగి ఇచ్చారు. ఇప్పుడు ఒక మంచి సంబంధం వచ్చింది. వాళ్లు కోర్టు డిక్రీ అడుగుతున్నారు. కాగితం సరిపోదా? – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మాస్టారూ, సరిపోదు. ఆ వచ్చిన సంబంధం వాళ్లు సరిగ్గా అడిగారు.

స్టాంపు కాగితం వందదైనా వెయ్యిదైనా, నోటరీ ఉన్నా, ఇరవైమంది సాక్షులున్నా హిందూ వివాహం దానితో రద్దు కాదు. కులాచారం ప్రకారం విడాకులిచ్చే సంప్రదాయం ఉన్నవాళ్లకు హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ ఆ ఆచారం పూర్వం నుంచీ తమలో ఉందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. మీ అమ్మాయి జీవితాన్ని ఆ రుజువు మీద ఆధారపడనివ్వకండి. డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లి చేస్తే ఆ పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద అది ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. మనసు మారిన పాత అల్లుడు రేపు ఒక్క ఫిర్యాదు ఇస్తే చాలు.

పెద్దమనుషులు చేసింది వృథా పోలేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు కదా, అదే 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకు పునాది. కనీసం ఏడాదిగా విడిగా ఉన్నామని, కలిసి ఉండలేకపోయామని, విడిపోవడానికి ఒప్పుకున్నామని ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేస్తారు. ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెబితే డిక్రీ ఇస్తారు. ఆ ఆరు నెలల వ్యవధిని తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విడిపోయి ఏడాదిన్నర దాటి ఉండాలి, రాజీ ప్రయత్నాలు ముగిసి ఉండాలి, డబ్బు, నగల లెక్కలన్నీ తేలి ఉండాలి. మీ అమ్మాయి విషయంలో ఇవన్నీ ఉన్నట్టే. మాఫీ కోరుతూ విడిగా దరఖాస్తు వేయించండి. ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి విచక్షణ. కనుక అబ్బాయి వాళ్లకు ముహూర్తం మాట ఇప్పుడే ఇవ్వొద్దు.

ఇక ఎక్కడ వేయాలన్న సంగతి. పెళ్లి విజయవాడలో జరిగింది కనుక అక్కడ వేయవచ్చు. చివరి కాపురం బెంగళూరులో కనుక అక్కడా వేయవచ్చు. ఒంగోలులో మీరున్నారు, అమ్మాయి లేదు. నా సలహా విజయవాడ. మీరు రైలెక్కితే మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు, అబ్బాయి తల్లిదండ్రులదీ ఆ చుట్టుపక్కలే అయితే ఇంకా మంచిది. లాయరు కూడా విజయవాడ ఫ్యామిలీ కోర్టులో రోజూ తిరిగేవారై ఉండాలి. ఒంగోలులో మీకు తెలిసిన ప్లీడరుగారు ఎంత మంచివారైనా, ప్రతి వాయిదాకూ అక్కడికి వెళ్లలేక ఇంకొకరికి అప్పజెప్పాల్సి వస్తుంది.

ఇలాంటి పిటిషన్‌కు ఇద్దరి తరఫునా ఒకే లాయరు చాలంటారు, ఖర్చు తగ్గుతుందని. చట్టం అడ్డు చెప్పదు. అయినా సంతకాలకు ముందు ఆ పిటిషన్‌ను మీ వైపు నుంచి ఇంకొక లాయరుకు ఒక్కసారి చూపించండి. బంగారం ఎంత తిరిగి వచ్చింది, ఇంకా ఏదైనా ఇవ్వాల్సి ఉందా, ఒకరి మీద ఒకరికి ఇక కేసులు లేవన్న మాట, అన్నీ అందులో ఉండాలి. ఇంకా డబ్బు రావాల్సి ఉంటే కొంత మొదటి హాజరులో, మిగతాది చివరి హాజరులో డి.డి. రూపంలో అని రాయించండి. డిక్రీ అయ్యేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. ఆఖరి రోజు వరకూ ఇరువైపులా మర్యాద తప్పకుండా చూసుకోవడం పెద్దవారిగా మీ చేతిలో ఉంది.

ప్రశ్న: నా భార్యకూ నాకూ విడాకుల కేసు రెండేళ్లుగా నడుస్తోంది. మా లాయరు ఎప్పుడడిగినా వాయిదా పడిందంటారు. ఏ దశలో ఉందో తెలియదు. వేరే లాయరును పెట్టుకుందామంటే, బాకీ ఫీజు కడితేనే ఫైలు ఇస్తానంటున్నారు. – ఒక యువకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, ముందు నీ ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్ వేసుకో. పిటిషన్ కాపీ మీద ఓ.పి. నంబరు, సంవత్సరం ఉంటాయి. అవి కొడితే 16 అక్షరాల, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు వస్తుంది. దానితో ఇప్పటిదాకా ఏ తేదీన ఏం జరిగిందో, ఎవరి కోసం వాయిదా పడిందో, వచ్చే వాయిదా ఎప్పుడో చూడవచ్చు. ‘పిటిషనరు సాక్ష్యం కోసం’ అని వరుసగా కనిపిస్తే, కేసు వేసింది నువ్వే అయితే, నువ్వు చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే నీ సాక్ష్యం) ఇవ్వకపోవడం వల్లే ఆగిందని అర్థం. కోర్టులో జడ్జి పోస్టు ఖాళీగా ఉండటం వల్ల వాయిదా పడితే అది లాయరు తప్పు కాదు. తేడా తెలుసుకున్నాకే ఆయనతో మాట్లాడు.

ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు ఆపే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు ఇచ్చింది. బాకీ వేరు, ఫైలు వేరు. నిజంగా ఇవ్వాల్సింది ఉంటే ఇచ్చెయ్, అది ఆయన కష్టార్జితం. ఫైలు, వేరే లాయరును పెట్టుకోవడానికి తనకు అభ్యంతరం లేదన్న నో అబ్జెక్షన్ ఇమ్మని రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాయి. అప్పటికీ ఇవ్వకపోతే కొత్త లాయరు ద్వారా కోర్టు అనుమతి అడిగి వకాలతు మార్చుకోవచ్చు. ముఖ్యమైన కాగితాలకు కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీలు వస్తాయి. తెలంగాణ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు అన్నది ఆఖరి మెట్టు.

ప్రశ్న: మా ఆయన అమెరికాలోని టెక్సాస్‌లో ఉన్నారు. నేను రెండేళ్లుగా రాజమండ్రిలో అత్తగారి దగ్గరే ఉంటున్నాను. అక్కడి కోర్టులో విడాకులకు వేసినట్టు కాగితాలు ఈమెయిల్‌లో వచ్చాయి. చెల్లుతాయా? నేనేం రాయాలి? – ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు దారి చూపిన కేసు తెలుగువాళ్లదే. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1991లో సుప్రీంకోర్టు ఆ విడాకులు మన దేశంలో చెల్లవని తేల్చింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టంలో ఉన్న కారణం ఉండాలని చెప్పింది. మినహాయింపులూ పెట్టింది. భార్య తన ఇష్టపూర్వకంగా అక్కడి కోర్టు పరిధికి లోబడి, అక్కడ కేసును పూర్తిగా ఎదుర్కొంటే, లేదా ఆ విడాకులకు ఒప్పుకుంటే పరిస్థితి మారవచ్చు.

కాబట్టి ఆ ఈమెయిల్‌కు కోపంలో గానీ, ‘సరే మీ ఇష్టం’ అని గానీ జవాబు రాయకండి. అలాగని పక్కన పడేయనూ వద్దు. ఇక్కడ చెల్లని డిక్రీ అక్కడ చెల్లవచ్చు. మీ వీసా, అక్కడి ఇల్లు, బ్యాంకు ఖాతాల మీద దాని ప్రభావం పడుతుంది. ఈ వారంలోనే రాజమండ్రిలో కుటుంబ కేసులు చూసే లాయరును కలవండి. అక్కడి కోర్టుకు పరిధి లేదన్న అభ్యంతరం మాత్రమే తెలిపేలా టెక్సాస్‌లో లైసెన్సున్న లాయరుతో మాట్లాడించాలా, ఇక్కడ మీరే ముందుగా కేసు వేయాలా అన్నది ఇద్దరూ కలిసి నిర్ణయించాల్సిన విషయం. మీరు అత్తగారింట్లోనే ఉన్నారు కనుక, ఖాళీ చేయమని ఒత్తిడి వస్తే గృహహింస చట్టం 17వ సెక్షన్ కింద ఆ ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చు. మీ పాస్‌పోర్టు, పాప ఉంటే పాప పాస్‌పోర్టు, పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, నగల బిల్లులు ఇప్పుడే మీ చేతికి తెచ్చుకోండి. ఈమెయిల్‌ను చెరిపేయకుండా, వచ్చిన తేదీ కనిపించేలా ప్రింటు తీయించి లాయరుకు ఇవ్వండి.